ఫిబ్రవరిలో లేచిన ఎద్దు

తెల్లవారుతూనే నగిసకి చూరు చప్పుడు వినిపించింది. టప్, టప్, టప్. ఎవరో తీరుబడిగా వేళ్ళతో తాళం వేస్తున్నట్టుంది. దుప్పట్లోంచి చెయ్యి చాపి పక్కన తడిమింది. షూహే లేడు. దిండు మీద అతని తల పడిన గుంట మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. ఆ గుంటలో తన తల ఆనించి కాసేపు అలాగే పడుకుంది. పెళ్ళై నాలుగు నెలలైంది. మొగుడి దిండు వెచ్చగా ఉంటే చాలు, లోకమంతా సవ్యంగా ఉన్నట్టే తోచే రోజులు.

లోకం సవ్యంగా లేదు. ఫిబ్రవరిలో కమిసవ ఊళ్ళో చూరు కారకూడదు. ఆ రోజుల్లో చూరుకి మనిషెత్తు మంచుకడ్డీలు వేలాడాలి. అలాంటిది కొన్నాళ్ళుగా దక్షిణపు గాలి వీస్తోంది. తడిమట్టి వాసన మోసుకొస్తోంది. ఆ వాసనకి ఊళ్ళో కుక్కలు మూలుగుతున్నాయి. మనుషులు మాత్రం ఏమీ అనడం లేదు. ఒకరికొకరు ఎదురుపడితే "వెచ్చగా ఉందే", "అవునే" అనుకుని తలలు దించుకుని వెళ్ళిపోతున్నారు. అందరూ తలలు దించుకునే నడుస్తున్నారని నగిస గమనించింది. కాళ్ళ కింద జారుడు కదా, అందుకు కాబోలనుకుంది. ఆమె షిజుఓకా సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్ల. మంచు సంగతులు ఆమెకేం తెలుసు!

వంటింట్లోకి వెళ్ళేసరికి షూహే నేల మీద కూర్చుని తాళ్ళు చుట్టలు చుడుతున్నాడు. కొండ మంచు మీద స్కీలతో జారేవాళ్ళకి కాపలా అతని ఉద్యోగం.

"నిన్న సాయంత్రం మళ్ళీ చూశావా?" అంది పులుసు గిన్నె పొయ్యి మీద పెడుతూ.

"చూశాను."

"పెరిగిందా?"

షూహే తలెత్తలేదు. "నిన్న పొద్దున ఆ పగుల్లో చెయ్యి పట్టేది. సాయంత్రానికి మనిషి పడతాడు."

నగిస చేతిలో గరిటె ఆగింది. మనుషుల్ని కుర్చీల్లో కొండ పైకి మోసే లిఫ్టు మధ్య స్తంభాల పైన, వాలు పొడవునా మంచు అడ్డంగా చిట్లింది. కింద నేల వేడెక్కి, వాన నీళ్ళు ఇంకి, మంచు పొర మొత్తం మెల్లమెల్లగా కిందికి దిగజారుతోంది. ఒకరోజు ఆ పొర ఉన్నపళంగా ఊడి వస్తుంది. ఏ రోజో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు కింద ఇనప స్తంభం ఉన్నా ఒకటే, మనిషి ఉన్నా ఒకటే.

"అయితే ఇవాళ లిఫ్టు ఆపెయ్యమని చెప్పకూడదూ?"

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను. నువ్వు కూడా చెప్పు, నాన్న నీ మాటైతే వింటాడేమో."

"ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి?" అంటూ మామగారు ఎయిజో లోపలికొచ్చాడు. కొత్త టోపీ, ఇస్త్రీ చేసిన కోటు. పెళ్ళిలో కూడా ఆయన అంత ముస్తాబవలేదు. "ఇవాళ ఒక్క మనిషి కూడా మంచు మీద కాలు పెట్టడురా. అతిథులు కుర్చీల్లో కూర్చుంటారు, పైదాకా వెళ్తారు, అట్నుంచటే కిందికొస్తారు. గాల్లో వెళ్ళేవాడికి పగులేం చేస్తుంది?"

"స్తంభం గాల్లో లేదు కదా నాన్నా."

"ముప్పై ఏళ్ళు నిలబడింది, ఇంకో పూట నిలబడదా? పెళ్ళాం చేతి పులుసు తాగుతూ కూడా భయమేంట్రా నీకు? మీ అమ్మ, పుణ్యాత్మురాలు, ఆమె పులుసు తాగి కూడా నేను బతికే ఉన్నాను!"

నగిసకి నవ్వాగలేదు. షూహే కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

మామగారి ఆరాటం ఇద్దరికీ తెలుసు. ఆ లిఫ్టు ముప్పై ఏళ్ళు డీజిలు తాగింది. ఏటేటా మంచు పలచబడుతుంటే కింది లోయలో పెద్దపెద్ద స్కీ కొండలే మూతపడ్డాయి. ఎయిజో మాత్రం పట్టు వదల్లేదు. మనం వదిలిన పొగే కదా మన మంచుని తింటోంది, ముందు మనం పొగ మానేద్దాం అన్నాడు. ఊరి కాలవ మీద చిన్న కరెంటు గది కట్టించాడు. ఇప్పుడు లిఫ్టు కాలవ నీళ్ళు తాగి తిరుగుతోంది. స్వచ్ఛమైన కరెంటుకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఇవాళ దక్కితే కొండ ఇంకొన్నేళ్ళు బతుకుతుంది. పరీక్షించడానికి అధికారులు ఇవాళే వస్తున్నారు.

"నువ్వు కుర్చీ ఎక్కకపోతేనేం?" అని గుమ్మం దగ్గర షూహేకి మఫ్లరు చుడుతూ గొణిగింది నగిస.

"నేనెక్కకపోతే నాన్న ఎక్కుతాడు. ఆ మోకాళ్ళతో పైన ఏమైనా అయితే?" అన్నాడు. మఫ్లరు చాటున ఆమె ముక్కు మీద చిన్న ముద్దు పెట్టి, చెవులదాకా ఎర్రబడి వెళ్ళిపోయాడు.

ఆ ముద్దు తడి ఆరకముందే నగిస గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూసింది. ఎదుటి కురోహానె కొండ మీద మబ్బు చిరిగింది. తెల్లటి కొండ పొట్ట మీద నల్లగా ఒక ఆకారం. వీపు. వంచిన మెడ. కొమ్ము. దాని కింద ఒకటి, రెండు, మూడు... నాలుగు కాళ్ళూ!

ఆమె చేతిలో గిన్నె సింకులో పడింది.

ఆ ఎద్దు గురించి కిను బామ్మ చలికాలమంతా చెప్పింది. షూహే వాళ్ళ నాన్నమ్మ ఆవిడ. తుంటి విరిగి మంచం పట్టింది. రోజూ సాయంత్రం నగిస కాళ్ళు పడుతుంటే బామ్మ కబుర్లు చెప్పేది. కొండ మీద మంచు కరిగి రాయి బయటపడే చోట ఎద్దు కనిపిస్తుంది. వీపు ఒక్కటే కనిపిస్తే పడుకున్నట్టు. నాలుగు కాళ్ళూ కనిపిస్తే లేచినట్టు. లేచిందని నోటితో అనకూడదు. అంటే అది మళ్ళీ పడుకుంటుంది, మంచు తిరిగొచ్చి నారు మాడిపోతుంది. చూసినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా గాదె గుంజకి ఎర్రగుడ్డ కట్టాలి. "మిగతాది దానంతటదే జరుగుతుందే అమ్మాయ్. ఆ యేడు ముందుగా చూసింది కొత్తకోడలైతే ఇంక ఆ ఇంట్లో..." అని బామ్మ ఆమె పొట్ట వంక చూసి, బోసినోటితో నవ్వి ఊరుకునేది.

ఏ నెలలో అన్నది బామ్మ చెప్పలేదు. ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ అది చెప్పాల్సిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.

నగిస పరుగున గదిలోకి వెళ్ళింది. పెళ్ళి కానుకలు చుట్టి తెచ్చిన ఎర్రగుడ్డ పెట్టె అడుగునుంచి లాగింది. పాదాలకి బూట్లు సరిగ్గా తొడుక్కోకుండానే గాదె దగ్గరికి పోయి, మునివేళ్ళ మీద నిలబడి, గుంజకి గట్టిగా ముడి వేసింది. గాలికి గుడ్డ టపటపలాడింది. ఆమె గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంది. సాయంత్రం షూహే రాగానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాలి, నోటితో ఒక్క మాట అనకుండా!

నోరు మూసుకుని వెళ్ళి బామ్మకి టీ ఇచ్చింది. బామ్మ కునుకుతోంది. ఆవిడ బుగ్గ మెల్లగా గిల్లి, అధికారుల కోసం చేసిన కూర కూరిన రొట్టెలు చిన్న ట్రక్కులో ఎక్కించుకుని కొండకి బయల్దేరింది.

లిఫ్టు దగ్గర అప్పటికే హడావిడి. అధికారులకి పెద్ద మియసాకా అనే ఆవిడ. పొట్టిగా, గట్టిగా, ప్రతి మూతా తెరిచి చూసే రకం. లిఫ్టు గది మూల పాత డీజిలు ఇంజను దగ్గర ఆగింది.

"ఇది దేనికి?"

"కరెంటు పోతే కుర్చీల్లో ఉన్నవాళ్ళని దింపడానికండీ. ఆపద్ధర్మానికి," అన్నాడు ఎయిజో.

"అయితే ఇందులో డీజిలు ఉంటుందన్నమాట."

ఎయిజో ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు టాంకు మూత తీశాడు. లోపల పొడిగా, తుడిచిన అద్దంలా ఉంది. "ఈ కొండ మీద డీజిలు చుక్క లేదని మేం మీకు రాసిచ్చాం. రాసిచ్చింది నిజమవ్వాలి కదండీ! నిన్ననే అంతా తోడించేశాను."

మియసాకా నవ్వలేదు. "ఆపద కోసం దాచుకున్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరండీ. ఎందుకు తోడించారు?"

ఎయిజో ముఖం కొంచెం వాడింది. "పరీక్ష అవ్వగానే పోయించేస్తాను," అని గొణిగాడు. మెకానిక్కు సడావో పక్కకి తిరిగి పళ్ళు బిగించాడు. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు మొండాయన అన్నట్టుంది అతని వాలకం.

కుర్చీలు కదిలాయి. అధికారులు ఇద్దరిద్దరుగా కూర్చున్నారు. ఆఖరి కుర్చీలో మియసాకా పక్కన షూహే ఎక్కాడు. నగిస వంక చూసి రొట్టె పొట్లం పైకెత్తి ఊపాడు. కాలవ కరెంటు గదిలోంచి చక్రం పాట వినిపిస్తోంది, సన్నగా, తుమ్మెద రొదలా. నగిసకి ఆ పాట ఇష్టం. కుర్చీలు చిన్నవై, ఇంకా చిన్నవై, పగులు పైకి చేరాయి. కింది నుంచి చూస్తే ఆ పగులు తెల్లటి దుప్పటి మీద కత్తిగాటులా ఉంది.

అప్పుడు పాట సన్నబడింది. తుమ్మెద దూరంగా ఎగిరిపోతున్నట్టు, ఇంకా దూరంగా. తరవాత వినపడలేదు.

కుర్చీలు ఒక్క ఊపు ఊగి ఆగిపోయాయి.

గాలి చప్పుడు ఒక్కటే. ఎయిజో చేతిలో వాకీటాకీ గరగరమంది.

"నాన్నా, ఆగింది." షూహే గొంతు మామూలుగా ఉంది. మరీ మామూలుగా ఉంది. అతను భయపడినప్పుడే అలా మాట్లాడతాడని నగిసకి ఈ నాలుగు నెలల్లో తెలిసింది. "మేం సరిగ్గా పగులు మీద ఉన్నాం."

"కాలవ తల దగ్గర మంచుముద్ద అడ్డం పడి ఉంటుంది. ఇప్పుడే తీయిస్తా. కంగారు పడకు."

"ఎవర్నీ పైకి పంపకు నాన్నా. తాళ్ళతో దింపుదామనుకోకు. ఈ మంచు మీద ఒక్క కాలు పడినా..." గరగర. "ఇక్కడ్నుంచి వినపడుతోంది. లోపల నీళ్ళు పారుతున్నాయి."

వెనక మియసాకా గొంతు సన్నగా వినిపించింది. "ఏమండీ, ఈ స్తంభం కొంచెం వంగినట్టు లేదూ?"

"అది మొదట్నుంచీ అంతేనండీ," అన్నాడు షూహే. అబద్ధం.

సడావో ట్రాక్టర్లోంచి డీజిలు తోడి తెచ్చి పాత ఇంజనులో పోశాడు. ఇంజను దగ్గి, ఉమ్మి, ఆగింది. "గాలి పట్టింది! టాంకు ఎండగడితే గొట్టాల్లో గాలి పట్టదూ మరి! ఇప్పుడు ఇదంతా విప్పి గాలి తీసేసరికి..." అంటూ పానా అందుకున్నాడు. ఎయిజో కొత్త టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

నీళ్ళు ఎక్కడ ఆగాయో చూడమని ఎవరినో కాలవ తలకి పంపారు. నగిసకి నిలబడబుద్ధి కాలేదు. రోడ్డు దగ్గరికి నడిచింది. రోడ్డు పక్క పొలాలకి నీళ్ళు పారే బోదె ఉంది. చలికాలమంతా ఎండి, మంచు పూడి ఉండే బోదె.

దాంట్లో నీళ్ళు పారుతున్నాయి. మంచుముక్కల్ని దొర్లించుకుంటూ, బురదరంగులో, ఉషారుగా. చూడగానే ఆమెకి ముందు ముచ్చటేసింది. అబ్బ, నీళ్ళొచ్చాయే!

మరుక్షణం బామ్మ మాట చెవిలో పడింది. మిగతాది దానంతటదే జరుగుతుందే అమ్మాయ్.

ఎర్రగుడ్డ ఎవరి కోసం? గాలి కోసం కాదు. ఎవరో చూడటం కోసం. చూసి నీళ్ళు పొలాలకి వదలడం కోసం. అదే కాలవ. అదే నీళ్ళు. బామ్మ కాలంలో ఆ కాలవ నీళ్ళతో లిఫ్టు నడిచేది కాదు.

ఎయిజో దగ్గరికి పరిగెత్తింది. "నాన్నగారూ!" మామగార్ని అలా పిలవడం ఆమె నోటికి ఇంకా కొత్తే. "నేనే... పొద్దున గాదెకి ఎర్రగుడ్డ కట్టాను."

ఎయిజో ఆమె వంక చూశాడు. తిడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. ఆయన ముఖంలో కోపం లేదు. దాని బదులు భయం ఉంది, దొంగతనం బయటపడినవాడి భయం లాంటిది. అది ఎందుకో ఆమెకి అప్పుడర్థం కాలేదు.

"మోరికిచి," అన్నాడు ఎయిజో. "పొలాలకి నీళ్ళు వదిలే తూము వాళ్ళింటిదే. ఫోనుకి దొరకడు, తూము ఎత్తిన రోజు వాడు ఫోను పట్టుకోడు. పో. నీ ట్రక్కులో పో, అమ్మా!"

ట్రక్కు బురదలో వంకరటింకరగా పోయింది. స్టీరింగు పట్టుకున్న చేతులు తనవి కానట్టున్నాయి. అద్దంలో వెనక కొండ కనిపిస్తోంది. కుర్చీలు చుక్కల్లా వేలాడుతున్నాయి. చూడకూడదనుకుంటూనే చూసింది. గాటు ఇందాకటి కంటే నల్లగా ఉందా? మెడలో మఫ్లరు చుట్టినప్పుడు అతని మెడ మీద చిన్న పుట్టుమచ్చ కనిపించింది. ఆ మచ్చ ఎడమవైపా, కుడివైపా? గుర్తు రావడం లేదు. గుర్తు రాకపోతే అతను రాడేమోనని ఒక వెర్రి భయం పట్టుకుంది.

మోరికిచి తూము పక్కన పాత చాప మీద కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ముందు నేల మీద బియ్యపు సారా, చిన్న సాకే గిన్నెలో. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు కాలవ మీదే పెట్టి ఉన్నాడు.

"తాతా! మూసెయ్! తూము మూసెయ్!"

"పొద్దు గూకేదాకా ముట్టకూడదే కోడలా, మీ బామ్మ చెప్పలేదూ..."

"లిఫ్టు ఆగిపోయింది తాతా! షూహే పైన ఉన్నాడు. పగులు మీద!"

మోరికిచి లేచిన తీరు డెబ్భై ఏళ్ళవాడిలా లేదు. సాకే గిన్నె దొర్లిపోయింది. ఇనప చక్రం ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తిప్పారు. తలుపు సగందాకా దిగి గట్టిగా పట్టేసింది. అడుగున మంచుముద్ద ఇరుక్కుంది.

"గుడ్డ చూసి కూడా నీకు అనుమానం రాలేదా తాతా? అడగొచ్చు కదా!" నగిస గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి.

"అడిగితే నోటితో అన్నట్టే కదే!" ముసలాయన ఒగురుస్తూ చక్రాన్ని గుంజాడు. "గుడ్డ చూసి వణుకు పుట్టింది నాకు. రెండు గిన్నెలు తాగితే గాని ఈ చక్రం మీద చెయ్యి వెయ్యలేకపోయాను. ఫిబ్రవరిలో తూము ఎత్తినవాడు మా వంశంలో లేడు. తొయ్యి, నీ దుంపతెగ, తొయ్యి! పెళ్ళిలో అంత తిన్నావు, ఆ బలమంతా ఏమైంది!"

నగిస చక్రం వదిలేసి నీళ్ళలోకి దిగింది. మంచునీళ్ళు తొడలదాకా కత్తుల్లా కోశాయి. చేతులతో, గోళ్ళతో ఆ మంచుముద్దని పీకింది. అది విరగలేదు. మళ్ళీ పీకింది. ఊపిరి అందడం లేదు. దేవుడా, పుట్టుమచ్చ ఎడమవైపే, ఎడమవైపే. ముద్ద ఫెళ్ళున చిట్లి ఆమె మోకాలికి కొట్టుకుని పోయింది. పైన మోరికిచి చక్రం గిర్రున తిరిగింది. తలుపు దభీమని దిగింది.

బోదె వైపు నీళ్ళు ఆగాయి. కాలవలో నీటిమట్టం వేలెడు లేచింది, జానెడు లేచింది, అంచు ఒరుసుకుని కరెంటు గది వైపు మళ్ళింది. నీళ్ళంత నెమ్మదైనవి లోకంలో ఇంకేమీ లేవనిపించింది.

మోరికిచి ఆమెని లాగి గట్టు మీద కూర్చోబెట్టాడు. తన పైకోటు తీసి కాళ్ళకి చుట్టాడు. ఇద్దరూ కొండ వంక చూస్తూ కూర్చున్నారు. తూము గట్టు మీద నుంచి కుర్చీలు ఆవగింజల్లా కనిపిస్తున్నాయి.

"కదిలాయా తాతా?"

"లేదు."

"ఇప్పుడు?"

"కళ్ళు మూసుకో. నేను చెప్తా."

మూసుకోలేదు. ఆవగింజల్లో ఒకటి ఎదుటి చెట్టు కొమ్మని దాటింది. దాని వెనక ఇంకొకటి. మోరికిచి ఆమె భుజం నొక్కాడు. ఆఖరి గింజ గాటు మీద నుంచి జరుగుతోంది. దాటింది. ఇంకా జరుగుతోంది. పై గట్టు చాటుకి వెళ్ళి కనుమరుగైంది. అప్పుడు గాని నగిసకి చలి తెలియలేదు. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది, ఎంత పట్టుకున్నా ఆగలేదు.

వాళ్ళని కొండ అవతలి వైపు దారిన నడిపించి కిందికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. షూహే ఇంటికొచ్చేసరికి నగిస బామ్మ గదిలో, అడుగున కుంపటి ఉండే బల్ల దుప్పటి కింద కాళ్ళు దూర్చుకుని కూర్చుని ఉంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"రొట్టె నేను తినలేదు," అన్నాడు. "మియసాకాగారే తినేశారు, రెండూ. భయమేస్తే ఆవిడకి ఆకలేస్తుందట."

నగిస లేవబోయింది. అతనే వచ్చి పక్కన కూలబడ్డాడు. అతని కాలరు పక్కకి లాగి చూసింది. పుట్టుమచ్చ కుడివైపు ఉంది. దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"నేను కట్టిన గుడ్డ వల్లే..." అంది.

"ఊఁ. మోరికిచి తాత చెప్పాడు." షూహే ఆమె గీరుకుపోయిన వేళ్ళు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

ఎయిజో వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కపూటలో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. "తప్పు నీది కాదు నగిసా," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "నేను మొన్ననే చూశాను. నాలుగు కాళ్ళూ. చూసి తల దించుకున్నాను. అతిథులు వచ్చి వెళ్ళాక చూద్దామనుకున్నాను. పొగ మానేశాం కదా, కరెంటు మార్చాం కదా, ఇంక కొండ మనల్ని కనికరిస్తుందిలే అనుకున్నాను."

"నేనూ చూశాను నాన్నా," అన్నాడు షూహే మెల్లగా. "పగులు చూసిన రోజే."

నగిస ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఊరంతా తలలు దించుకుని నడిచింది జారుడని కాదు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

మంచం మీద బామ్మకి మెలకువ వచ్చినట్టుంది. "ఏమిటర్రా అందరూ ఇక్కడ చేరారు? చూరు కారుతోందేం? ఏప్రిల్ వచ్చేసిందా ఏం? ఎంత నిద్రపోయాన్రా నేను?"

నోటితో అనకూడదు. బామ్మ కళ్ళు ఒక్కొక్కరి ముఖం మీదా ఆగాయి. నగిస కట్టు కట్టిన వేళ్ళ దగ్గరికొచ్చి నిలిచిపోయాయి. ఎనభయ్యేళ్ళు ఆ ఎద్దు కోసం ఎదురుచూసిన మనిషి, అది లేచిందంటే చంటిపిల్లలా చప్పట్లు కొట్టే మనిషి, దుప్పటి గడ్డందాకా లాక్కుంది. చెయ్యి చాపి నగిస మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలముంది.

అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. ముందు నేలలోంచి. టీ గిన్నెలు బల్ల మీద గలగలలాడాయి. తరవాత కొండ మీద నుంచి, బరువైన బండి వంతెన మీద పోతున్నట్టు, ఆగకుండా, ఆగకుండా. షూహే పెదాలు కదిలాయి. ఇంట్లో ఎవరెవరున్నారో లెక్కపెట్టుకుంటున్నాడు. చప్పుడు ఆగాక చాలాసేపు చూరు కూడా కారడం మానేసినట్టనిపించింది.

"స్తంభం పోయింది," అన్నాడు ఎయిజో. లేచాడు. "మియసాకాగారు సత్రంలోనే ఉన్నారు కదూ? వెళ్ళి చెప్తాను. కరెంటు సంగతి రాసుకున్నారు, ఇదీ రాసుకోమంటాను. ఎద్దు..." అని నోరు మూసుకున్నాడు. ఈ వయసులో కూడా ఆ మాట అనలేకపోయాడు.

నగిసకి తన గుడ్డ గుర్తొచ్చింది. "వెళ్ళి విప్పేస్తాను," అంది.

"పద, నేనూ వస్తా," అని షూహే ఆమెని లేవదీశాడు.

బయట వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. గాలి అలాగే వెచ్చగా వీస్తోంది. గాదె దగ్గర ఆమె కట్టిన గుడ్డ తడిసి, నల్లగా గుంజకి అతుక్కుపోయి ఉంది. ముడి మీద చెయ్యి వేసి, ఏదో కదిలినట్టనిపించి తలెత్తింది.

కాలవ అవతల మోరికిచి గాదె గుంజకి ఎర్రగుడ్డ. దాని పక్క ఇంటికి ఇంకొకటి. పైన గుడి మెట్ల దగ్గర సడావో వాళ్ళింటి వెదురుకి కూడా ఒకటి ఎగురుతోంది. వాళ్ళు చూస్తుండగానే ఎదురింటి ముసలావిడ బయటికొచ్చి, వీళ్ళ వంక చూడకుండా, తన గుంజకి ఒకటి కట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఊరు ఊరంతా ముందే చూసింది. ఏమీ తెలియని కొత్తకోడలు ముందు కట్టేదాకా ఎవరికీ ధైర్యం చాలలేదు.

సత్రం వైపు వెళ్తున్న ఎయిజో దారిలో ఆగాడు. వెనక్కి తిరిగి లిఫ్టు గది దగ్గరికి నడిచాడు. అతిథుల కోసం కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా తలుపు పక్కనే ఉంది. దాన్ని విప్పి, లిఫ్టు మొదటి కుర్చీకి కట్టాడు. కట్టి, ఇన్నాళ్ళకి తలెత్తి, ఎదుటి కొండ వంక చూశాడు.

నగిస ముడి మీద నుంచి చెయ్యి తీసేసింది. షూహే వేళ్ళు ఆమె వేళ్ళలో ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనానికి కూడా ఇప్పుడు ఆమెకి భయమేసింది.

కొండ మీద చీకటి దిగుతోంది. తెలుపు ముందు పోయింది. నలుపు ఇంకా కాసేపు కనిపించింది. ఎద్దు నాలుగు కాళ్ళ మీదా నిలబడి, మెడ వంచి, ఊళ్ళోకి చూస్తోంది.